ఐదేళ్లకు వచ్చిన షుగరూ, ముప్పై ఏడేళ్లకు వచ్చిన షుగరూ ఒకే జన్యువుల పనేనా?

గుంటూరు వైపు నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడకు ముప్పై ఏడో ఏట షుగర్ బయటపడింది. బరువు 51 కిలోలే. టైప్ 2 అని చెప్పి ఏడాదిన్నరగా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడిస్తున్నారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మాత్రం 9.6 దగ్గర నుంచి కదలడం లేదు. ఈమధ్య గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చి, ఇది లాడా, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల (ఆటోఇమ్యూన్) పెద్దయ్యాక నెమ్మదిగా వచ్చే షుగర్ అని తేల్చారు. గ్యాడ్ యాంటీబాడీ ఆ దాడికి రక్తంలో కనిపించే గుర్తు. ఆవిడ అక్క కొడుకుకు ఐదో ఏటే టైప్ 1 వచ్చింది. "మా ఇద్దరిదీ ఒకే జబ్బా? అయితే వాడికి అంత చిన్నప్పుడు, నాకు ఇంత ఆలస్యంగా ఎందుకు? మా అత్తగారు 'మీ పుట్టింటి రక్తం' అంటున్నారు. నా ఇద్దరు ఆడపిల్లలకు జన్యు పరీక్ష చేయించాలా?" అన్నది ప్రశ్న.

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీ ఇద్దరి జబ్బుకూ మూలం ఒకటే. జన్యువుల మోతాదే వేరు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద మీ సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తోంది. వాడికీ అదే జరిగింది. ఆ దాడికి దారితీసే జన్యువుల్లో ముఖ్యమైనవి పిల్లల్లోనూ పెద్దల్లోనూ అవే. కాకపోతే చిన్నతనంలో జబ్బు వచ్చినవాళ్లలో అవి ఎక్కువగా, ఘాటుగా కూడి ఉంటాయి. పెద్దయ్యాక వచ్చినవాళ్లలో పలచగా ఉంటాయి, కొందరిలో టైప్ 2 జన్యువులు కూడా వాటితో కలుస్తాయి. మీ పిల్లలకు ఇప్పుడు జన్యు పరీక్ష అక్కర్లేదు. ఇక 'పుట్టింటి రక్తం' అన్న మాట తప్పు. అది ఎందుకు తప్పో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ మాట పడి ఏడ్చిన తల్లులను విజయవాడలో నా ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో చాలామందిని చూశాను.

మన ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంటుంది. టైప్ 1కు వంశపారంపర్యంగా వచ్చే ముప్పులో దాదాపు సగం ఈ ఒక్క చోటే ఉంది. కణంలోని ప్రొటీన్ ముక్కలను పళ్లెంలో పెట్టినట్టు పైకి తెచ్చి, రోగనిరోధక వ్యవస్థలో కాపలా కాసే టి-కణాలకు చూపించడం వీటి పని. ఇది మనదా, పరాయిదా అని టి-కణాలు తేల్చుకునేది ఆ పళ్లెంలోకి చూసే. పళ్లెం ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. డీక్యూ అనే పళ్లెంలో 57వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే కొంత రక్షణ, దాని బదులు మరొకటి ఉంటే ముప్పు అని 1987లో కనిపెట్టారు. అన్ని జాతుల్లోనూ ఈ సూత్రం అచ్చంగా నిలవలేదు గానీ, ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇంత తేడా వస్తుందని అప్పుడే తెలిసింది.

ఈ గుంపులోని డీఆర్, డీక్యూ జన్యువుల్లో ముప్పు తెచ్చే రకాలుగా పేరు పడినవి రెండు. డీఆర్3తో వచ్చే డీక్యూ2 ఒకటి, డీఆర్4తో వచ్చే డీక్యూ8 మరొకటి. ప్రతి మనిషికీ ఈ గుంపులు రెండు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకరి నుంచి డీఆర్3, ఇంకొకరి నుంచి డీఆర్4 వచ్చి ఒకే బిడ్డలో కలిస్తే ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. ఒకే రకం రెండు వైపుల నుంచీ వచ్చినదానికన్నా ఈ జంటే ప్రమాదం. ఐదేళ్లలోపు జబ్బు వచ్చే పిల్లల్లో ఈ జంట బాగా ఎక్కువగా కనిపిస్తుంది. వయసు పెరిగే కొద్దీ తగ్గుతూ పోతుంది. ముప్పై, నలభై దాటాక జబ్బు వచ్చినవాళ్లలో తరచుగా ఒక్క ముప్పు రకమే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట పల్లెటూరి నుంచి నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చారు. పది రోజులుగా మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయని నాయనమ్మ గమనించింది, అందరూ ఎండల వల్ల అనుకున్నారు. నీరసం అని ఎక్కడో గ్లూకోజ్ సెలైన్ కూడా ఎక్కించారు. నా దగ్గరికి వచ్చేసరికి పిల్లాడు లోతుగా రొప్పుతున్నాడు, నోటి నుంచి మగ్గిన పండు వాసన. రెండు రోజులకు గట్టెక్కాడు. మూడో రోజు వరండాలో ఆ నాయనమ్మే నన్ను ఆపి, "ఎవరి వైపు నుంచి వచ్చింది బాబూ?" అని అడిగింది. కోడలు పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది, తల ఎత్తలేదు.

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, నీలం పెన్నుతో తండ్రికి రెండు గీతలు, ఎర్ర పెన్నుతో తల్లికి రెండు గీతలు గీశాను. బిడ్డ కింద ఒక నీలం గీత, ఒక ఎర్ర గీత. "అమ్మా, ఈ నీలం ఒక్కటే ఉన్న మీ అబ్బాయికి జబ్బు రాలేదు. ఈ ఎర్రది ఒక్కటే ఉన్న మీ కోడలికీ రాలేదు. పిల్లాడిలో రెండూ కలిశాయి" అన్నాను. పిల్లాడికి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించలేదు, అవసరమూ లేదు. కానీ చిన్నపిల్లల విషయంలో తరచుగా జరిగేది అదే. ఆవిడ కాగితం అడిగి తీసుకుని, మడిచి బొడ్డులో దోపుకుంది.

మీ కుటుంబంలోనూ ఇలా జరిగి ఉండవచ్చు. మీకూ మీ అక్కకూ హెచ్‌ఎల్‌ఏ గుంపుల్లో కనీసం ఒకటి ఉమ్మడిగా ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. మీ అక్క నుంచి అలాంటి ఒక గుంపు, మీ బావగారి వైపు నుంచి ఇంకో ముప్పు గుంపు కలిస్తే పిల్లాడికి ఐదేళ్లకే రావచ్చు. మీ దగ్గర ఒక్కటే ఉంటే నెమ్మదిగా, ముప్పై ఏళ్లు దాటాక వస్తుంది, లేదా అసలు రాకపోవచ్చు. అంటే ఆ పిల్లాడి జబ్బులో సగం వాటా మీ పుట్టింటికి సంబంధమే లేనిది.

మేనరికం వల్ల వచ్చిందా అని కూడా చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్తాను. టైప్ 1 ఒకే లోపం రెండు వైపుల నుంచి వచ్చి కలవడం వల్ల వచ్చే జబ్బు కాదు, పైన చెప్పినట్టు అతి ప్రమాదమైన జంటే రెండు వేర్వేరు రకాలది. అయితే పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వస్తే కథ వేరు. అది చాలావరకు ఆటోఇమ్యూన్ కాదు, ఒకే జన్యువులోని లోపం. అందులో కొన్ని రకాలకు మేనరికంతో సంబంధం ఉంటుంది. అలాంటి పసిబిడ్డకు మాత్రం జన్యు పరీక్ష తప్పకుండా చేయించాలి, ఎందుకంటే కొందరికి ఇన్సులిన్ మానేసి మాత్రలతోనే గడిచిపోతుంది.

మళ్లీ విషయానికి వద్దాం. హెచ్‌ఎల్‌ఏలో రక్షణ ఇచ్చే రకాలూ ఉన్నాయి. డీఆర్15తో వచ్చే డీక్యూ6 వాటిలో గట్టిది. ఇది ఉన్న పిల్లలకు టైప్ 1 రావడం చాలా అరుదు. కానీ పెద్దయ్యాక జబ్బు వచ్చినవాళ్లలో ఇది అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. అంటే చిన్నతనంలో గట్టిగా నిలబడే ఆ గోడ వయసుతో పాటు కాస్త సడలుతుందన్నమాట.

పదకొండో క్రోమోజోమ్ మీద ఇన్సులిన్ జన్యువు పక్కన ఒక చిన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చే భాగం ఉంటుంది. కొందరిలో అది పొట్టి, కొందరిలో పొడవు. పొడవుగా ఉంటే చిన్నప్పుడు ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఇన్సులిన్ కాస్త ఎక్కువగా తయారవుతుంది. టి-కణాలకు అక్షరాభ్యాసం జరిగేది అక్కడే. ఇన్సులిన్‌ను అక్కడ బాగా చూసిన టి-కణాలు అది మనదే అని నేర్చుకుంటాయి, దాని మీద ఎగబడేవి అక్కడికక్కడే ఏరివేతకు గురవుతాయి. పొట్టి రకం ఉన్నవాళ్లలో ఆ పాఠం సరిగా సాగదు. ఏడాది, రెండేళ్ల వయసులో మొదట పుట్టే యాంటీబాడీ తరచుగా ఇన్సులిన్ మీదే కావడం దీనికి సరిపోతుంది.

యాంటీబాడీలు వచ్చే వరుసలోనే తేడా ఉంది. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో నాలుగు లక్షలకు పైగా పసిబిడ్డలను పరీక్షించి, ముప్పు ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన టెడ్డీ అనే అధ్యయనం ఉంది. డీఆర్4 ఉన్న పిల్లల్లో ఇన్సులిన్ యాంటీబాడీ ముందు వస్తుందనీ, డీఆర్3 ఉన్నవాళ్లలో గ్యాడ్ యాంటీబాడీ ముందు వస్తుందనీ అందులో తేలింది. పెద్దల్లో చాలాసార్లు కనిపించేది ఒక్క గ్యాడ్ మాత్రమే, మీ రిపోర్టులోలాగే. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పరిశోధకులు జబ్బు కొత్తగా వచ్చి చనిపోయినవారి క్లోమాలను మైక్రోస్కోప్ కింద పరిశీలించారు. ఏడేళ్లలోపు జబ్బు వచ్చిన పిల్లల్లో బి-కణాలు (ఇవి బీటా కణాలు కావు, రోగనిరోధక వ్యవస్థవే) గుంపులుగా చేరి ఉన్నాయి, ఇన్సులిన్ ఉన్న దీవులు, అంటే బీటా కణాలుండే ముద్దలు, కొన్నే మిగిలాయి. పదమూడేళ్లు దాటి వచ్చినవాళ్లలో బి-కణాలు తక్కువ, మిగిలిన దీవులు ఎక్కువ. మీ క్లోమంలో ఇంకా కొంత సత్తువ మిగిలి ఉంటుందని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఇక టైప్ 2 జన్యువుల సంగతి. ఇక్కడ పరిశోధకుల్లోనే వాదన ఉంది. లాడా అనే పేరు 1993లో తూమీ, జిమెట్ బృందం పెట్టింది. 2006లో టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువుకు టైప్ 2తో గట్టి సంబంధం ఉందని బయటపడింది. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థకు చెందిన చందక్, పుణెకు చెందిన యాజ్ఞిక్ బృందాలు మన భారతీయుల్లోనూ అదే చూపించాయి. 2008లో స్కాండినేవియా దేశాల వాళ్లు లాడా రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ ముప్పుతో పాటు ఈ టైప్ 2 జన్యువు కూడా ఉందన్నారు, అంటే ఇది రెండింటి కలగలుపు అని. పదేళ్ల తరువాత, 2018లో, లాడా మీద మొదటిసారి మొత్తం జీనోమ్‌ను జల్లెడ పట్టినప్పుడు బలంగా బయటపడినవన్నీ దాదాపు టైప్ 1 జన్యువులే. హెచ్‌ఎల్‌ఏ, ఇన్సులిన్ జన్యువు, పీటీపీఎన్22, ఎస్‌హెచ్2బీ3. టీసీఎఫ్7ఎల్2 ఆ స్థాయిలో నిలవలేదు.

నా అభిప్రాయం: రెండూ తప్పు కాదు. లాడా అన్న సంచిలో రెండు రకాల మనుషులను వేస్తున్నాం. గ్యాడ్ బాగా ఎక్కువగా ఉండి, సన్నగా ఉండి, త్వరగా ఇన్సులిన్ అవసరమయ్యేవాళ్లు ఒక రకం. వాళ్లది ఆలస్యంగా వచ్చిన టైప్ 1. గ్యాడ్ అంతంతమాత్రంగా ఉండి, పొట్ట, బీపీ, కొవ్వు ఉన్నవాళ్లు ఇంకో రకం. వాళ్లలో టైప్ 2 పాలు ఎక్కువ. మీరు రాసిన వివరాలు చూస్తే మీరు మొదటి రకం అనిపిస్తోంది.

ఇంకొక సంగతి. పీటీపీఎన్22లో యూరప్ వాళ్లకు ముప్పు తెచ్చే మార్పు మన దగ్గర చాలా అరుదు. మన దేశంలో టైప్ 1కు డీఆర్3 ముఖ్యం, అదీ యూరప్‌లో కనిపించే డీఆర్3 కాకుండా వేరే రూపాల్లో. కాబట్టి విదేశీ కంపెనీల జన్యు రిపోర్టులో 'ముప్పు తక్కువ' అని వచ్చిందని ఊరట పడకండి, 'ఎక్కువ' అని వచ్చిందని టెన్షన్ పడకండి. యూరప్ వాళ్ల మీద తయారైన జన్యు స్కోరు (జన్యువులను బట్టి ముప్పును లెక్కగట్టే అంకె) మనవాళ్లలో పనిచేస్తుందా అని 2020లో సీసీఎంబీ, పుణె కేఈఎం ఆసుపత్రి, ఎక్సెటర్ కలిసి చూశాయి. టైప్ 1ను టైప్ 2 నుంచి వేరు చేయడానికి అది మన దగ్గరా పనికొస్తుందని తేలింది, కానీ యూరప్‌లో ఉన్నంత కచ్చితంగా కాదు. డాక్టరుకు సందేహం ఉన్నప్పుడు ముందు ముందు అది మంచి ఆయుధం అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల జాతకం చెప్పడానికి మాత్రం అది పనికిరాదు.

అలాంటి స్కోరుతోనే ఇంగ్లండ్‌లో 2018లో ఒక లెక్క వేశారు. అరవై ఏళ్లలోపు వచ్చే జన్యుపరమైన టైప్ 1లో 42 శాతం ముప్పై దాటాకే వస్తోంది. టైప్ 1 అంటే పిల్లల జబ్బు అన్న మాట ఇక చెల్లదు. కానీ ముప్పై దాటాక వచ్చే షుగర్ మొత్తంలో అది 4 శాతమే. అందుకే డాక్టర్ల కంటికి ఆనదు. మీకు మొదట టైప్ 2 అని చెప్పిన డాక్టరు మీద కోపం పెట్టుకోకండి.

నేనూ ఆ తప్పు చేశాను. 2009లో నలభై ఒక్క ఏళ్ల టైలర్ ఒకాయన నా దగ్గరికి వచ్చేవాడు. ఏడాది పాటు మాత్రలు పెంచుతూ పోయాను. వచ్చినప్పుడల్లా "అన్నం తగ్గించలేదు నువ్వు" అని కోప్పడ్డాను. ఒకరోజు ఆయన చొక్కా పైకెత్తి ప్యాంటు నడుము చూపించాడు. వెనక కుట్టు మీద మూడు వరసలు. "నేనే మూడుసార్లు లోపలికి పట్టాను సార్, ఇంకా వదులే" అన్నాడు. నా కళ్లు తెరిపించింది ఆ మూడు కుట్లే. గ్యాడ్ చాలా ఎక్కువగా వచ్చింది, శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చెప్పే సి-పెప్టైడ్ 0.4 మాత్రమే. అప్పుడు అడిగితే చెల్లెలికి థైరాయిడ్, తల్లికి బొల్లి ఉన్నాయని తెలిసింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. ఇన్సులిన్ మొదలుపెట్టిన నాలుగు నెలల్లో ఆరు కిలోలు పెరిగి, ఆ కుట్లు మళ్లీ విప్పుకున్నాడు.

ఇప్పుడు మీ పిల్లల గురించి. యూరప్, అమెరికా లెక్కల్లో తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 1 నుంచి 4. తండ్రికి ఉంటే సుమారు 6. తల్లికో తండ్రికో పదకొండేళ్లలోపే వచ్చి ఉంటే ఆ అవకాశం రెట్టింపు అవుతుంది, మీకు అలా కాదు. కవల పిల్లల అధ్యయనం ఒకటి ఇంకా బాగా చెప్తుంది. ఒకే రూపు కవలల్లో ఒకరికి 24 ఏళ్లలోపు వస్తే, ముప్పై ఏళ్లలో రెండోవారికి వచ్చే అవకాశం 38 శాతం. అదే మొదటివారికి 24 దాటాక వస్తే 6 శాతమే. జన్యువులన్నీ ఒకటే అయినా అంతే! ఆలస్యంగా వచ్చిన జబ్బులో జన్యువుల పట్టు అంత తక్కువ. డీఆర్3, డీఆర్4 జంట ఉన్న బిడ్డల్లో కూడా ఇరవైమందిలో పంతొమ్మిదిమందికి జబ్బు రాదు.

అందుకే జన్యు పరీక్ష వద్దంటున్నాను. ముప్పు ఉందని తెలిసినా మీరు చేయగలిగేది మారదు, ఆడపిల్లల మీద పెళ్లి నాటి దాకా ఒక ముద్ర మాత్రం ఉండిపోతుంది. యాంటీబాడీ పరీక్ష అయితే కొంత అర్థముంది, ఎందుకంటే 2022 నవంబరులో అమెరికాలో టెప్లిజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఎనిమిదేళ్లు దాటి, రెండు అంతకుమించి యాంటీబాడీలు ఉండి, షుగర్ అప్పుడప్పుడే తడబడుతున్న దశలో ఇస్తే జబ్బును సగటున రెండేళ్లు వెనక్కి నెడుతుంది. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు అక్కడి డాక్టరుతో ఇది మాట్లాడవచ్చు. మీరు ఇంట్లో చేయాల్సింది ఒక్కటే. పిల్ల ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగినా, రాత్రి పక్క తడిపినా, చిక్కినా, ఆ గంటలోనే మీ గ్లూకోమీటర్‌తో చూడండి. 200 దాటితే తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీకోసం కొన్ని మాటలు. గ్యాడ్ పాజిటివ్ అన్న మాట చాలదు, ఎంత వచ్చిందో అంకె చూడండి. అంతంతమాత్రంగా ఉంటే మళ్లీ చేయించి, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ యాంటీబాడీలు కూడా చూడాలి. ఉదయం ఫాస్టింగ్ షుగర్, సి-పెప్టైడ్ ఒకే శాంపిల్‌లో ఇవ్వండి. మన ల్యాబుల లెక్కలో 0.9 కన్నా తక్కువ వస్తే ఇన్సులిన్ తప్పని స్థితి. 0.9కీ 2.1కీ మధ్య ఉంటే ఆరునెలలకోసారి చూసుకుంటూ వెళ్లాలి. గ్లిమెపిరైడ్ మీకు సరిపడే మందు కాదు, మిగిలిన బీటా కణాలను అది పిండుతుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఇన్సులిన్ మొదలుపెట్టే రోజే డాక్టరు దాన్ని తీసేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఎవరైనా రాస్తే గ్యాడ్ రిపోర్టు చూపించండి. మీలాంటివాళ్లలో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. టీఎస్‌హెచ్, థైరాయిడ్ యాంటీబాడీ కూడా చేయించండి. గోధుమలు పడని సీలియాక్ జబ్బుకూ ఇవే డీక్యూ2, డీక్యూ8 కారణం కాబట్టి, రక్తహీనతో విరేచనాలో ఉంటే ఆ పరీక్ష కూడా.

సి-పెప్టైడ్ రిపోర్టు వచ్చాక, గ్యాడ్ అంకెతో కలిపి ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. ఇంట్లో థైరాయిడ్, బొల్లి ఎవరికైనా ఉన్నాయేమో కనుక్కుని, అమ్మ వైపూ నాన్న వైపూ అడిగి రాయండి.